నిన్న లేని ఇబ్బంది ఇయాల ఎందుకు?

"నిన్న ఇదే టేబుల్ కాడ కూసొని మంచిగనే తింటివి గదా. ఇయాల ఏమైంది?"

మా హాస్టల్‌లో ఈ ప్రశ్న నన్ను అడగని వాళ్లు తక్కువ. అడిగేవాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. చాలామంది దోస్తులే, నిజంగానే అర్థంకాక అడుగుతారు. ఈ వ్యాసం వాళ్ల కోసమే. నేను ఈసీఈ మూడో సంవత్సరం. మాది కొల్లాపూర్. నాకు ఆటిజం ఉందని 19వ ఏట తేలింది. మాట్లాడతాను, ల్యాబ్ రికార్డులు టైంకే ఇస్తాను, బ్యాక్‌లాగ్స్ లేవు. అందుకే "నీకు ఆటిజం ఏంది?" అని కూడా అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ఇంకోసారి చూద్దాం. ఈసారి మొదటి ప్రశ్న గురించే రాస్తాను. ఎందుకంటే మన కాలేజీలు, పరీక్షలు, సర్టిఫికెట్లు అన్నీ ఆ ప్రశ్న వెనకున్న ఒక తప్పు లెక్క మీదనే నడుస్తున్నాయి. మనిషి సున్నితత్వం ఒక స్థిరాంకం అని, ఒకసారి కొలిచి రాసుకుంటే చాలని ఆ లెక్క. నా అభిప్రాయం వేరు. అది ఒక చలరాశి. రోజుకో విలువ, ఏడాదికో రేంజి ఉంటుంది. దాన్ని అట్లా ఒప్పుకోనంత కాలం ఎంత మంచి మనసుతో చేసిన సాయమైనా సగం రోజుల్లో పనికిరాదు.

ముందు అసలు విషయం కొంచెం చెప్పాలి. ఆటిజం అనగానే మనకు గుర్తొచ్చేది మాటలు రాకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, ఒంటరిగా ఆడుకోవడం. కానీ ఆటిజం గురించి 1943లో లియో కానర్ రాసిన మొట్టమొదటి పేపర్‌లోనే పెద్ద చప్పుళ్లకు, కదిలే యంత్రాలకు భయపడే పిల్లలు ఉన్నారు. ఆ సంగతి డెబ్బై ఏళ్ల పాటు పక్కన పడి ఉంది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో గానీ, శబ్దం, వెలుతురు, స్పర్శ, వాసన లాంటి వాటికి అతిగానో మరీ తక్కువగానో స్పందించడాన్ని ఆటిజం నిర్ధారణ లక్షణాల్లో ఒకటిగా చేర్చలేదు.

'అతిగానో తక్కువగానో' అనే మాటను గమనించండి. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. నాకు ట్యూబ్‌లైట్ చోక్ గుయ్యిమనే చప్పుడు పక్క గదిలోంచి కూడా వినబడుతుంది. కానీ ఆకలి సరిగా తెలియదు. పొద్దున తిన్నానా లేదా అనేది చేతులు వణికినప్పుడు గుర్తొస్తుంది. ఫస్టియర్‌లో కాలు మడతపడి వాచిపోయినా, రెండు రోజుల తర్వాత రూమ్మేట్ చూసి చెబితే తెలిసింది. మనం చిన్నప్పుడు చదువుకున్నవి ఐదు ఇంద్రియాలే. శాస్త్రం ఇంకో మూడింటిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఒంటి బ్యాలెన్స్ చూసేది ఒకటి. చేతులు కాళ్లు ఎక్కడున్నాయో చెప్పేది ఇంకొకటి. ఆకలి, దాహం, నొప్పి, గుండెదడ లాంటి లోపలి కబుర్లు మోసేది మూడోది. ఈ ఎనిమిదింటికీ వేర్వేరు వాల్యూమ్ నాబ్‌లు ఉన్నాయనుకోండి. నా దగ్గర ఆ నాబ్‌లు ఒక్కోటి ఒక్కో చోట ఉంటాయి. పైగా అవి ఒకచోట నిలవవు.

ఏళ్లు గడిచేకొద్దీ అవి ఎట్లా కదిలాయో మా ఊరి లెక్కలోనే చెబుతాను. సంక్రాంతికి కొల్లాపూర్ దగ్గర సింగోటంలో లక్ష్మీనరసింహస్వామి జాతర అవుతుంది. ఏడెనిమిదేళ్ల వయసులో ఆ జాతర నాకు పండగ కాదు, శిక్ష. పీకల బూరలు, రంగుల రాట్నం చప్పుడు, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు, మీదమీద పడే జనం. చెరువుకట్ట దాకా పోయి చెవులు మూసుకొని కూర్చునేవాణ్ణో, కూర్చునేదాన్నో, మీకు నచ్చినట్టు ఊహించుకోండి. టెన్త్ నాటికి అదే జాతరకు నేనే ముందు తయారయ్యేంతగా మారింది. రథం పక్కన డప్పుల దగ్గర నిలబడితే ఛాతీలో ఆ దెబ్బ దిగడం బాగుండేది. ఇంట్లో అందరూ "పోయింది, పెద్దగైనంక అదే పోయింది" అనుకున్నారు. ఇంజినీరింగ్‌లో చేరిన మొదటి సంక్రాంతికి మళ్లీ పోయాను. పది నిమిషాలు కూడా ఉండలేకపోయాను.

వాసనల కథ దీనికి ఉల్టా. ఎండాకాలం కొల్లాపూర్ అంటే మామిడి. తోటల్లో కోతలు, లారీల్లో లోడింగ్, ప్రతి ఇంట్లో ఏదో ఒక మూల గడ్డిలో మాగేసిన కాయలు. చిన్నప్పుడు ఆ గదిలోకి నేను హాయిగా పోయి పడుకునేంత ఇష్టం. ఇప్పుడు ఆ తీపి వాసన ముక్కులో దిగిందంటే తల తిరుగుతుంది. తిండి విషయంలో మాత్రం లాభపడ్డాను. వంకాయ మెత్తదనం నాలుకకు తగిలితే కక్కేసే స్థితి నుంచి, వంకాయ కూర నేనే అడిగి పెట్టించుకునే దాకా వచ్చాను. అంటే సున్నితత్వం వయసుతో తగ్గిపోతుందని గానీ, పెరిగిపోతుందని గానీ ఒక్క మాటలో చెప్పలేం. ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి పెరుగుతుంది. పోయిందనుకున్నది తిరిగొస్తుంది.

ఇది నా ఒక్కరి సొంత గొడవ కాదు. టెంపుల్ గ్రాండిన్ పేరు మీలో కొందరు విని ఉంటారు. 1947లో పుట్టిన అమెరికన్ శాస్త్రవేత్త, పశువుల షెడ్ల డిజైన్‌లో పెద్ద పేరు, ఆటిజం ఉన్న మనిషి. మనుషులు హత్తుకుంటే ఆమె తట్టుకోలేకపోయేవారు, కానీ ఒంటికి గట్టి ఒత్తిడి మాత్రం కావాలనిపించేది. అందుకని యవ్వనంలో తనే ఒక యంత్రం తయారుచేసుకున్నారు. రెండు వైపులా మెత్తటి పలకలు, ఎంత ఒత్తిడి కావాలో తన చేతిలోని లివర్ నిర్ణయిస్తుంది. మన భాషలో చెప్పాలంటే అచ్చమైన ఇంజినీరింగ్ ప్రాజెక్టు. దశాబ్దాల పాటు దాన్ని వాడిన ఆమె, 2010లో ఒక ఇంటర్వ్యూలో, ఆ యంత్రం రెండేళ్ల కిందట పాడైందని, బాగుచేయడం కుదరలేదని, ఇప్పుడు మనుషుల్నే హత్తుకుంటున్నానని చెప్పారు. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. అరవై ఏళ్ల వయసులో ఒక ఇంద్రియం దారి మార్చుకుందంటే, ఇరవై ఏళ్ల వయసులో తీసిన రీడింగ్‌ను శాశ్వతం అనుకోవడం ఎంతవరకు సబబు?

మార్పు ఇంకో వైపు కూడా పోతుంది. నెలసరి దగ్గరపడినప్పుడు, నలభై యాభైల్లో నెలసరి ఆగిపోయే కాలంలో శబ్దాలు, స్పర్శలు భరించలేనంతగా పెరిగాయని చెప్పిన ఆటిస్టిక్ మహిళలు ఉన్నారు. 2020లో డోరా రేమేకర్ బృందం ప్రచురించిన ఒక అధ్యయనం నాకు బాగా పనికొచ్చింది. ఆటిజం ఉన్న పెద్దవాళ్లతో మాట్లాడి 'ఆటిస్టిక్ బర్నౌట్' అంటే ఏమిటో వాళ్లు వివరించారు. అందులో మూడు సంగతులు కలిసి వస్తాయి. విడవని అలసట, అంతకుముందు వచ్చిన పనులు చేతకాకపోవడం, శబ్దం వెలుతురు లాంటివి తట్టుకునే శక్తి తగ్గిపోవడం. ఇది ఒకటి రెండు రోజుల నీరసం కాదు, మామూలుగా మూడు నెలలు, అంతకంటే ఎక్కువే ఉంటుందని రాశారు. నా మొదటి సంవత్సరం రెండో సెమిస్టర్ ఏమిటో అది చదివాక గానీ నాకు అర్థం కాలేదు. అప్పటిదాకా జాతరలో నిలబడలేకపోవడాన్ని 'హైదరాబాద్ పోయి నాజూకైంది' అనే మాటతోనే మా చుట్టాలు కొట్టేసేవాళ్లు.

ఇదంతా ఎందుకు జరుగుతుంది? మనం చదివే సబ్జెక్టుతోనే సగం జవాబు చెప్పొచ్చు. ఫ్యాన్ కింద కూర్చున్న ఐదు నిమిషాలకు దాని చప్పుడు మీకు వినబడదు. చెవి పనిచేస్తూనే ఉంటుంది, మెదడే 'ఇది మారని సిగ్నల్, పట్టించుకోనక్కర్లేదు' అని గెయిన్ తగ్గిస్తుంది. దీన్ని అలవాటుపడటం అంటాం. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్ పరిశోధకులు పిల్లల్ని, టీనేజర్లను స్కానర్‌లో పెట్టి, చిరాకు పుట్టించే శబ్దం, గరుకు స్పర్శ ఇచ్చి చూశారు. సున్నితత్వం ఎక్కువగా ఉన్న ఆటిస్టిక్ పిల్లల్లో, మెదడులో భయాన్ని చూసుకునే అమిగ్డాలా అనే భాగం, ఇంద్రియాల భాగాలు అంత తొందరగా చల్లబడలేదు. మిగతా పిల్లల్లో స్పందన తగ్గుతూ పోయింది. అంటే మీ ఫిల్టర్ ఐదు నిమిషాల్లో సర్దుకుంటే, నాది గంట గడిచినా 'ఏదో చప్పుడు, ఏదో చప్పుడు' అని అలారం కొడుతూనే ఉంటుంది.

మిగతా సగం జవాబు కృష్ణ ఒడ్డున ఉంది. మా సోమశిల దాకా వచ్చి నిలిచేది శ్రీశైలం డ్యాం వెనక నీళ్లే. డ్యాం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వానాకాలం మొదట్లో డ్యాం అడుగంటి ఉంటుంది. అప్పుడు పైనుంచి లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా వచ్చాయనుకోండి, లెక్కకడితే 8.6 టీఎంసీలు. ఎటు పోయాయో కూడా తెలియకుండా డ్యాం మింగేస్తుంది. అదే లక్ష క్యూసెక్కులు డ్యాం 884 అడుగుల దగ్గర ఉన్నప్పుడు వస్తే, వచ్చింది వచ్చినట్టు వదలాల్సిందే. వరద రెండు రోజులూ ఒకటే. తేడా అంతా లోపల అప్పటికే ఉన్న నీళ్లలో ఉంది.

మెస్‌లో నిన్నటికి, ఇయాల్టికి తేడా ఇదే. గిన్నెల మోత అదే, వెల్లుల్లి తాలింపు వాసన అదే, లైన్‌లో వెనకాల తగిలే భుజాలు అవే. కానీ నిన్న రాత్రి నిద్ర సరిగా లేదు. పొద్దున షెడ్యూల్ మారి ల్యాబ్ ముందుకు వచ్చింది. వైవాలో నలుగురి ముందు మామూలు మనిషిలా ముఖం పెట్టి నిలబడ్డాను. కొత్త షర్టు కాలర్ పొద్దటి నుంచి మెడను గీరుతోంది. ఇవన్నీ కలిసి నన్ను 884 అడుగులకు తెచ్చాయి. మెస్‌లో కింద పడిన ఒక స్టీలు గ్లాసు మిగతా ఒక్క అడుగు. మీరు చూసేది ఆ గ్లాసును మాత్రమే. అందుకే "గ్లాసు పడితే అంత గొడవనా?" అనిపిస్తుంది.

ఇక్కడ వచ్చే అభ్యంతరాలను తేలిగ్గా తీసేయను. మొదటిది, "చప్పుడు అందరికీ ఇబ్బందే కదా" అనేది. నిజమే. పెళ్లి ఊరేగింపులో డీజే బాక్సుల పక్కన ఎవరి గుండె అయినా అదురుతుంది. రెండు ఇబ్బందుల మధ్య తేడా ఎక్కడుందంటే, మీరు అక్కడి నుంచి పక్కకు వస్తే అయిపోతుంది. నేను పక్కకు వచ్చాక కూడా రెండు గంటలు మాట పెగలదు, చదివింది ఎక్కదు, కొన్నిసార్లు ఆ రోజు మొత్తం పోతుంది.

రెండోది, "భరిస్తూ పోతే అదే అలవాటైతది" అనేది. ఇందులో కొంత నిజముంది, అందుకే దీనికి జవాబు జాగ్రత్తగా చెప్పాలి. వంకాయ నాకు అట్లాగే అలవాటైంది. కానీ ఎట్లా? మా అవ్వ బలవంతపెట్టలేదు. పళ్లెంలో ఒక మూలకు చిన్న ముక్క పెట్టి, "తింటే తిను, లేకుంటే ఇడిసెయ్" అనేది. కొన్ని నెలలు అట్లానే సాగింది. ఎప్పుడు ఆపాలో నా చేతిలో ఉండేది. జాతరలో డప్పు నచ్చింది కూడా ఎంత దూరంలో నిలబడాలో నేనే ఎంచుకున్నందుకు. ఎప్పుడు వస్తుందో తెలిసి, ఎప్పుడు ఆగుతుందో తెలిసి, మధ్యలో ఆపగలిగే శబ్దానికి దగ్గరకావడం వేరు. తలుపు బయట గడియ పెట్టి భరించమనడం వేరు. గ్రాండిన్ యంత్రంలో లివర్ ఆమె చేతిలో ఉండటమే అసలు కిటుకు.

మూడోది నోటితో అనరు, చూపుల్లో ఉంటుంది. "నాటకం. ఇష్టమైన పాట అయితే హెడ్‌ఫోన్స్‌లో ఫుల్ సౌండ్ పెట్టుకుంటావు, ఫెస్ట్‌లో మాత్రం పనికిరాదా?" దీనికి జవాబు పైన చెప్పిన లివరే. నా పాట సౌండ్ నా వేలి కింద ఉంటుంది. పైగా తెలిసిన పాట తర్వాతి బీట్ ఎక్కడ పడుతుందో మెదడుకు ముందే తెలుసు, అలారం మోగదు.

మరి నేనేం చేస్తాను? మూడేళ్లలో నాకు పనికొచ్చినవి చెబుతాను. ఇవి మందుల చీటీ కావు. నాలాంటి వాళ్లు ఇది చదువుతుంటే ఏ ఒక్కటి పనికొచ్చినా సంతోషం.

అన్నిటికంటే ముందు, పొద్దున లేవగానే నీటిమట్టం చూసుకుంటాను. ఫోన్‌లో ఒక షీట్ ఉంది. ఎన్ని గంటలు నిద్ర, ఈ రోజు కొత్త మనుషులు ఎందరు, షెడ్యూల్‌లో మార్పు ఉందా, నిన్న ఎట్లా గడిచింది. పదికి ఒక అంకె వేసుకుంటాను. ఏడు దాటితే ఆ రోజు మెస్‌లో రద్దీ టైంకి పోను, తొమ్మిదిన్నరకు చివర్లో పోతాను. రెండు నెలలు రాశాక, నన్ను ముంచేది చప్పుడు కంటే నిద్రలేమి అని తేలింది. అప్పటి నుంచి చప్పుడుతో కొట్లాడే బదులు నిద్రను కాపాడుకోవడం మీద పడ్డాను.

చెవుల సంగతి. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ ఫ్యాన్, బస్సు ఇంజన్ లాంటి ఎడతెగని లోగొంతు చప్పుళ్లను బాగా తీసేస్తాయి. గ్లాసు పడటం, తలుపు దబ్బుమనడం లాంటి వాటికి ఫోమ్ ఇయర్ ప్లగ్సే మేలు. వాటి ఖరీదు తక్కువ, జేబులో పడతాయి. కానీ రోజంతా చెవులు మూసి ఉంచకండి. బయటి శబ్దం బాగా తగ్గిపోతే మెదడు లోపలి గెయిన్ పెంచుకుంటుంది, తీసినప్పుడు మామూలు మాట కూడా అరుపులా వినబడుతుంది. నేను అవసరమైన గంటకే పెట్టుకుంటాను.

కళ్ల సంగతి. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. చవక ఎల్ఈడీ బల్బుల్లో కొన్ని కూడా అంతే. చాలామంది కంటికి అది తెలియదు, కొందరికి తలనొప్పిగా తెలుస్తుంది. బల్బు వైపు ఫోన్ కెమెరా పెట్టి చూస్తే తెరమీద చారలు పాకడం మీకే కనబడొచ్చు. హాస్టల్ గదిలో నా వైపు బల్బు మార్చుకున్నాక సాయంత్రం తలనొప్పులు సగం తగ్గాయి.

లోపలి కబుర్లు సరిగా అందని నాలాంటి వాళ్లకు అలారమే ఆకలి. ఒంటిగంటకు ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి, నీళ్లకు రెండు. ఇంకో మాట. ఏదైనా ఒక్కసారిగా, ఎప్పుడూ లేనట్టు మారితే ప్రతిదాన్నీ ఆటిజం ఖాతాలో వేయకండి. చెవిలో ఇన్ఫెక్షన్, మైగ్రేన్, కంటి పవర్ మారడం లాంటివి కూడా చప్పుడును, వెలుతురును భరించలేకుండా చేస్తాయి. ముందు డాక్టర్‌కు చూపించండి.

రూమ్మేట్‌తో ఒక ఒప్పందం ఉంది. టేబుల్ మీద నీలం పెన్ను నిలబెడితే మామూలు, ఎర్ర పెన్ను నిలబెడితే ఇప్పుడు మాట్లాడించకు అని. ఎందుకు అని అడగకూడదు. నోరు పెగలని టైంలో వివరణ ఇవ్వడం అన్నిటికంటే బరువైన పని. ఆ ఒక్క పెన్ను నాకు ఇచ్చినంత ధీమా ఏ యాప్ ఇవ్వలేదు.

ఇంతవరకు నా చేతిలో ఉన్నది. నా చేతిలో లేనిది చాలా ఉంది, నా అసలు గొడవ అక్కడే.

చట్టం మన పక్షానే ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. మనిషికి తగ్గ సర్దుబాటు చేయాలని, చేసేవాళ్ల మీద మోయలేని భారం పడనంతవరకు దాన్ని నిరాకరించడం వివక్షేనని ఆ చట్టం అంటుంది. భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో ఇంకా స్పష్టంగా, సర్దుబాటు ఆయా సందర్భంలో అవసరాన్ని బట్టి ఉండాలని ఉంది. సందర్భాన్ని బట్టి అంటే, నా చదువులో అది రోజును బట్టే.

కానీ ఆచరణలో చేతికి వచ్చేది ఒక సర్టిఫికెట్, దాని మీద ఒక శాతం. ఆటిజాన్ని కొలవడానికి మన దేశపు స్కేలు సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలోనే తయారైంది. 2009లో వచ్చిన ఆ స్కేలును ఇసా అంటారు. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, ఇంద్రియాల గురించి విడిగా ఒక విభాగం. మంచి పనే. మన ప్రాంతంలో అలాంటిది తయారైనందుకు గర్వపడాలి కూడా. కానీ ఏ స్కేలైనా ఆ రోజు, ఆ గదిలో, ఆ గంటలో కనబడిన మనిషినే కొలుస్తుంది. మట్టం 850 అడుగులున్న రోజు తీసిన ఫొటో చూపించి 'ఈ డ్యాంకు వరద రాదు' అనలేం కదా.

ఊళ్లో పెద్దవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే పథకం కింద బడుల్లో, అంగన్‌వాడీల్లో చేసే పరీక్షలు పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకానే. ఆ వయసు దాటాక "నాకు చప్పుడు భరించలేకుండా ఉంది" అని కొల్లాపూర్‌లో ఎవరి దగ్గరికి పోవాలి? చెవి డాక్టర్ చెవి బాగుందంటారు. నాలుగైదు గంటలు బస్సులో హైదరాబాద్ పోవాలి. ఆ బస్సు హారను, ఎంజీబీఎస్ రద్దీ దాటి డాక్టర్ ముందు కూర్చునేసరికి, నేను చెప్పాలనుకున్నది చెప్పగలిగే స్థితిలో ఉండను. నాకైతే కాలేజీ హైదరాబాద్‌లో ఉంది కాబట్టి తేలింది. మా ఊళ్లో నాలాంటి పెద్దవాళ్లు 'ముక్కోపి', 'ఎవరితో కలవడు', 'సుకుమారం ఎక్కువ' అనే పేర్లతోనే బతికేస్తున్నారని నా నమ్మకం.

కాలేజీల్లో ఏమైనా అడిగితే మొదట వచ్చే మాట "సర్టిఫికెట్ ఉందా? ఎంత శాతం?" అనే. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ శాతాల పట్టింపును పక్కన పెట్టింది. చెయ్యి వంకరపోయి రాయలేని ఒక సివిల్స్ అభ్యర్థికి 40 శాతం వైకల్యం లేదు కాబట్టి పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వం అనడం చెల్లదంది. తగిన సర్దుబాటు అనేది శాతంతో పుట్టే హక్కు కాదని తేల్చింది. పెద్ద తీర్పు. మన పరీక్షా హాళ్ల దాకా మాత్రం ఇంకా నడిచి రాలేదు.

నేను అడిగేవి నాలుగే, ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు. పరీక్ష హాల్లో ఫ్యాన్ చప్పుడుకో, మినుకుమనే లైటుకో దూరంగా సీటు మార్చుకునే వీలు పరీక్ష రోజే ఉండాలి. నెల ముందు అర్జీ పెట్టమంటే, ఆ రోజు నా మట్టం ఎంతుంటుందో నాకే తెలియదు. చెక్ చేసి ఫోమ్ ఇయర్ ప్లగ్స్ అనుమతించాలి. వాటిలో బ్యాటరీ లేదు, బ్లూటూత్ లేదు, కాపీ కొట్టడానికి పనికిరావు. ఫెస్ట్ రోజుల్లో లైబ్రరీలో ఒక గది చప్పుడు లేకుండా వదిలేయాలి, ఏ గంటలో స్టేజీ మీద సౌండ్ ఉంటుందో ముందే నోటీసు పెట్టాలి. మెస్‌లో ఎవరడిగినా, కారణం అడగకుండా, డబ్బాలో కట్టి ఇవ్వాలి.

దుర్వినియోగం అవుతుందంటారు. ఎట్లా అవుతుందో చెప్పండి. ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటే మార్కులు పెరగవు. మూల సీటులో కూర్చుంటే సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ అర్థం కాదు. జ్వరం ఉన్నవాళ్లు, పీరియడ్స్ నొప్పితో ఉన్నవాళ్లు, మైగ్రేన్ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరో పోయి ఎవరినీ చూడాలనిపించని వాళ్లు కూడా వాడుకుంటారు. వాడుకోనివ్వండి. ర్యాంపు మీద సూట్‌కేసు లాగినవాణ్ణి ఎవరూ దొంగ అనరు.

ఫెస్ట్ సౌండ్ గురించి కొత్త నియమం కూడా అక్కర్లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం విద్యాసంస్థల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించొచ్చు. అక్కడ పరిమితి పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్. రాత్రి పది తర్వాత బయట లౌడ్ స్పీకర్ కుదరదు. డెసిబెల్ లాగరిథమిక్ అని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పది పెరిగితే శక్తి పదింతలు. నేను ఫెస్ట్ వద్దనడం లేదు. నాకు కూడా డప్పు ఇష్టమే, మంచి రోజున. ఎంత సౌండ్, ఎన్నింటి వరకు అనేది ముందే చెప్పమంటున్నాను, అంతే.

చివరిగా మన క్లబ్బు సంగతి. ప్రతి నెలా మూడో శనివారం సెమినార్ హాల్లో మనం కవితలు చదువుతాం. ఇరవై మంది కోసం మైకు, ఆ మైకు ప్రతిసారీ ఒకసారి కీచుమంటుంది, ప్రతి కవిత తర్వాత చప్పట్లు. పోయినేడాది పన్నెండు మీటింగుల్లో నేను వచ్చినవి ఐదు. రానివి ఏడు, కవితల మీద ఇష్టం లేక కాదు. వచ్చే నెల నుంచి ఒక మీటింగ్ మైకు లేకుండా, చప్పట్లకు బదులు చేతులు ఊపి, తలుపు పక్క రెండు కుర్చీలు ఖాళీగా ఉంచి చేద్దామా? మధ్యలో లేచిపోయేవాళ్లను ఎక్కడికని అడగకుండా ఉందామా? నచ్చకపోతే ఆ తర్వాతి నెల మళ్లీ మైకు పెట్టుకుందాం. ఈ మాట కమిటీ గ్రూపులో కూడా పెట్టాను. శుక్రవారం లోపు మీ అభిప్రాయం చెప్పండి.